సుత్తి పట్టే ముందు వాల్వు కట్టండి: ఒంగోలు అపార్ట్‌మెంట్ సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారాలు.

ఒంగోలు లాయరుపేటలో 12 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంటుకు నేను నాలుగేళ్లుగా కోశాధికారిగా ఉన్నాను. నేను ఇంజినీరును కాను, ప్లంబరును అంతకన్నా కాను. ఉద్యోగమంతా పద్దులు రాయడంలో, తేడా వచ్చిన చోట అది ఎక్కడ మొదలైందో వెతకడంలో గడిచింది. మా భవనంలో నీళ్ల లీకు ఒకటి మూడు నెలల పాటు మమ్మల్ని తిప్పలు పెట్టి, రెండు కుటుంబాల మధ్య మాటలు లేకుండా చేసి, చివరికి దొరికిన తీరు చూశాక, ఇదంతా మొదటి వారంలోనే తేలవలసిన విషయమని నాకు అర్థమైంది. ఇదే తంతు మన ఊళ్లోని ఇతర భవనాల్లోనూ జరుగుతున్నదని తెలిసినవాళ్లు చెబుతుంటే వింటున్నాను కాబట్టి, మీ అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

జరిగింది ఇది. నవంబరులో మా రెండో అంతస్తు ఇంటి హాలులో ఫ్యాను హుక్కు చుట్టూ పళ్లెమంత చెమ్మ మచ్చ కనిపించింది. వానలు పడుతున్న రోజులు కాబట్టి మొదట అందరం వాన మీదికి నెట్టేశాం. పైన ఇంకా రెండంతస్తులు ఉండగా వాన నీరు హాలు నడిమధ్యకు ఎలా వచ్చిందని ఒక్కరమూ ఆలోచించలేదు. వానలు వెలిసినా మచ్చ వెలవకపోయేసరికి తాపీ మేస్త్రీని పిలిచాం. ఆయన కింద నిలబడి మచ్చను చూసి, పైకి వెళ్లి బాత్రూమును చూసి, సంకెన్ స్లాబులో (బాత్రూము పైపుల కోసం కిందికి దించి కట్టిన స్లాబు గుంటలో) నీళ్లు నిండాయని, టైల్సు పగలగొట్టి వాటర్ ప్రూఫింగ్ మళ్లీ చేయాల్సిందేనని అయిదు నిమిషాల్లో తీర్పు చెప్పాడు. మూడో అంతస్తు వారి బాత్రూము పగిలింది. 46 వేల రూపాయలయ్యాయి. పాత టైల్సు డిజైను బజారులో దొరకక ఆ గది ఇప్పుడు రెండు రంగుల్లో ఉంది. పని పూర్తయిన 12 రోజులకు మచ్చ మళ్లీ వచ్చింది, ఈసారి పళ్లెం కాదు, బేసినంత.

ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర పైవారికీ కిందివారికీ మాట పెరిగింది. సంక్రాంతికి కిందింట్లో బొమ్మల కొలువు పేరంటం పెడితే పై ఇంటావిడ వెళ్లలేదు. అసలు పిలిచారో లేదో కూడా నాకు తెలియదు. ఆ పండక్కే పైవారు ఇంటికి తాళం వేసి కనిగిరి పక్కనున్న సొంతూరు వెళ్లి ఆరు రోజులు ఉన్నారు. ఆరు రోజులూ ఆ బాత్రూములో చెంబు నీళ్లు ఎవరూ పొయ్యలేదు. అయినా మచ్చ పెరిగింది. కిందింటివారు ఆ మాట ఫిర్యాదుగా చెప్పారు గానీ నాకు మాత్రం అది సాక్ష్యంగా వినిపించింది. ఎవరూ స్నానం చేయని ఇంట్లో వాడకం నీళ్లు కారవు కదా! ఆ గోడల్లో నీళ్లున్నది ఇక ఒక్క సరఫరా పైపులోనే.

మచ్చ ఎక్కడుందన్నది చూసి కారణం చెప్పకూడదని, మచ్చ ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో చూసి చెప్పాలని నేను అప్పుడు గ్రహించాను. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

భవనంలోని ఒక్కొక్క నీటికీ ఒక్కొక్క వేళ ఉంటుంది. ట్యాంకు నుంచి కుళాయిలకు దిగే సరఫరా పైపులో పగలూ రాత్రీ నీళ్లు ఒత్తిడితో నిలిచే ఉంటాయి కాబట్టి, అది కారితే ఎవరు వాడినా వాడకపోయినా 24 గంటలూ కారుతుంది. మచ్చ ఆరే వేళ ఉండదు. బాత్రూము, వంటగది నుంచి బయటికి పోయే పైపులో నీళ్లు వాడినప్పుడే ఉంటాయి కాబట్టి, ఆ లీకు ఉదయం స్నానాల తరువాత ఉబ్బి, మధ్యాహ్నానికి నెమ్మదించి, ఊరు వెళ్తే ఆరిపోతుంది. అయితే సంకెన్ స్లాబులో ఇటుక ముక్కలు, రబ్బిషు నింపి ఉంటాయి గనుక అందులో నిలిచిన నీరు వాడకం ఆగాక కూడా కొన్ని రోజులు ఊరుతూ ఉండవచ్చు. అందుకే ఒక్క పూట చూసి తేల్చకూడదు. మా పైవారు ఆరు రోజులు ఊళ్లో లేకపోయినా మచ్చ తగ్గకపోవడమే కాక పెరిగింది కాబట్టి ఆ అనుమానం కూడా తీరింది. వాన నీటి సంగతి మనకు తేలికే. మన తీరంలో తుపాను వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, ఆ మూడు నెలల్లో వచ్చి ఫిబ్రవరికల్లా ఎండిపోయే మచ్చ వానదని అనుకోవచ్చు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను రోజుల్లో తూర్పు గోడలు తడిసిన ఇళ్లు, ఎండలు ముదిరాక కూడా తడిగానే ఉంటే, అక్కడ వాన వెనుక ఇంకొకటేదో దాక్కుని ఉందని అర్థం. కింది అంతస్తు గోడలకు నేల నుంచి పైకి ఎక్కే చెమ్మ వేరే రకం. అది అడుగు నుంచి మూడడుగుల ఎత్తు దాకా సమంగా పాకి, తెల్లటి ఉప్పు పూత పూసి, సున్నం పెచ్చులుగా రాలుస్తుంది. దానికి ప్లంబరు చేయగలిగింది ఏమీ లేదు.

చెమ్మ గోడ లోపలి నుంచి వస్తున్నదా, గదిలోని తేమ చల్లటి గోడ మీద చేరుతున్నదా అన్న సందేహం ఏసీ గదుల్లో వస్తుంటుంది. ఒక పలుచటి ప్లాస్టిక్ కాగితాన్ని గోడ మీద పరిచి నాలుగు అంచులా టేపు వేసి రెండు రోజులు వదిలేస్తే, నీటి చుక్కలు గోడ వైపున పడితే లోపలి తడి, గది వైపున పడితే గాలిలోని తడి. ఆర్వో యంత్రాల పుణ్యమా అని ఇంటింటికీ చేరిన టీడీఎస్ మీటరుతో (నీటిలో కరిగిన లవణాలను చూపేది) కారే నీళ్లను కొలిచి, అది బోరు నీరో నాగార్జునసాగర్ కాలువ నీరో చెప్పేస్తామనే వారు కూడా తయారయ్యారు. ఆ మాట నమ్మకండి. కాంక్రీటులోంచి దిగిన ఏ నీరైనా దారిలో సున్నాన్నీ ఉప్పునూ కరిగించుకుని వస్తుంది కాబట్టి, తియ్యటి నీళ్లు కూడా ఉప్పు నీళ్ల లెక్క చూపిస్తాయి.

ఇక మచ్చ ఉన్న చోటు ఎందుకు మోసం చేస్తుందంటే, స్లాబులో నీరు నిట్టనిలువుగా దిగదు. వాలు ఉన్న వైపుకు, సందు దొరికిన వైపుకు పోతుంది. స్లాబులో పరిచిన కరెంటు వైర్ల గొట్టం కన్నా సుఖమైన సందు నీటికి ఇంకొకటి దొరకదు. ఒకచోట ఆ గొట్టంలోకి చేరి, పది పన్నెండడుగులు ప్రయాణం చేసి, ఫ్యాను పెట్టె దగ్గరో లైటు దగ్గరో బయటపడుతుంది. మాకు జరిగిందీ అదే. అన్నట్టు, ఫ్యాను హుక్కు దగ్గరో స్విచ్చు బోర్డు దగ్గరో తడి కనిపిస్తే, కారణం వెతకడానికి ముందు ఆ గదికి కరెంటు ఆపే స్విచ్చు, అంటే ఎంసీబీ, దించేయాలి. మా రెండో అంతస్తు వారు రెండు నెలల పాటు ఆ ఫ్యాను కిందే కూర్చుని టీవీ చూశారన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సంక్రాంతి తరువాత మేము చేసిన పని చాలా సాదా పని. మచ్చ అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, సమయం రాశాం. డాబా మీది ట్యాంకు నుంచి మాకు నాలుగు లైన్లు దిగుతాయి. వాటి వాల్వుల్లో ఏది ఏ ఇళ్లకు వెళుతుందో తెలిసినవారు ఒక్కరూ లేరు. ఒక ఆదివారం ఒక్కొక్కటీ కట్టి, కింద ఇంటింటా కుళాయి తిప్పి చూసి, పెయింటుతో వాటి మీద నంబర్లు వేశాం. పదేళ్లుగా కదలని రెండు వాల్వులు తుప్పుపట్టి తిరగలేదు, వాటిని మార్పించాం. ఆ తరువాత మూడో అంతస్తు వారి లైనును వరుసగా మూడు రాత్రులు కట్టేసి, ఉదయం మాత్రం రెండు గంటలు తెరిచాం. నాలుగో రోజుకు మచ్చ పెన్సిలు గీతకు లోపలికి తగ్గింది. వాల్వు మళ్లీ తెరిచిన రెండు రోజులకు గీత దాటింది. అప్పుడు మాత్రమే ప్లంబరును పిలిచి ఆ ఇంటి లైనులో ఒక్కొక్క భాగాన్నీ విడదీసి, చేతి పంపుతో ఒత్తిడి పెట్టి, అది నిలుస్తుందో లేదో గేజీలో చూడమన్నాం. బాత్రూము లైను నిలబడింది. వంటగది లైను గేజీ పడిపోయింది. మంచినీళ్ల యంత్రాన్ని గోడకు బిగించినప్పుడు కొట్టిన స్క్రూ ఒకటి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులోకి దిగి ఉంది. కొన్నాళ్లు ఆ స్క్రూయే చిల్లుకు బిరడాగా పనిచేసింది. అది తుప్పు పట్టి సన్నబడుతున్న కొద్దీ నీళ్లు దారి చేసుకున్నాయి. అందుకే గోడకు మేకు కొట్టిన నాటికీ మచ్చ వచ్చిన నాటికీ పొంతన కుదరక ఎవరికీ అనుమానం రాలేదు. ఒకే ఒక్క టైలు తీసి, జానెడు పైపు మార్చి, 1,800 రూపాయలతో పని ముగించారు.

కథ ఇంతటితో అయిపోతే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదేమో. లీకు వెతికే పనిలో ఉండగానే, పద్దుల అలవాటు కొద్దీ నేను వాచ్‌మన్ మోటారు వేసే సమయాలను పాత నోటుబుక్కులో చూశాను. ఏడాది కిందట రోజుకు 80 నిమిషాలు నడిచిన మోటారు ఇప్పుడు 105 నిమిషాలు నడుస్తున్నది, మనుషులు పెరగలేదు. మా మోటారు నిమిషానికి సుమారు 75 లీటర్లు ఎక్కిస్తుంది. అంటే రోజుకు 1,800 లీటర్లకు పైగా ఎక్కడికో పోతున్నాయి. మనిషికి రోజుకు 135 లీటర్లన్న లెక్కన అది 13 మంది వాడకం. ఇంత నీరు ఫ్యాను హుక్కు దగ్గర కారితే ఆ ఇల్లు చెరువయ్యేది. సెకనుకు ఒక చుక్క పడే లీకు రోజంతా పడితే ఒక బకెట్టు, సుమారు 20 లీటర్లు.

ఒక రాత్రి అందరినీ బతిమాలి, 11.30 నుంచి ఉదయం 5 గంటల దాకా ఎవరూ నీళ్లు వాడకుండా చూసి, ట్యాంకులో కర్ర దించి నీటి మట్టానికి గుర్తు పెట్టాం. మా ట్యాంకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు. ఒక సెంటీమీటరు దిగితే 60 లీటర్లు పోయినట్టు. తెల్లవారేసరికి 7 సెంటీమీటర్లు దిగింది. అయిదున్నర గంటల్లో 420 లీటర్లు. మరుసటి ఉదయం ఇంటింటా ఫ్లష్ ట్యాంకుల్లో మిఠాయి రంగు కలిపి, అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూస్తే, మూడిళ్లలో కమోడులోకి రంగు దిగింది. లోపలి రబ్బరు వాషర్లు మన బోరు నీళ్ల ఉప్పుకు గట్టిపడి సరిగా కూర్చోవడం లేదు. అవి మార్చాక మళ్లీ ఒక రాత్రి కొలిస్తే మట్టం దిగినట్టు కంటికి కనిపించలేదు. రెండు కుటుంబాలను విడదీసి, 46 వేలు తినేసిన స్క్రూ లీకు ఆ ట్యాంకులో ఒక మిల్లీమీటరుకు కూడా రాలేదన్నమాట. ఏ గోడ మీదా మచ్చ వేయకుండా, ఏ ఒక్కరితోనూ తిట్లు తినకుండా పోయిన నీరు మాత్రం మూడు రోజులకు ఒక 5,000 లీటర్ల ట్యాంకరు. 2022లో గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు కొట్టుకుపోయి నీళ్లు సముద్రం పాలైనప్పుడు మనం ఎంత బాధపడ్డాం! ఫ్లష్ ట్యాంకుకు వార్తల్లో చోటు దొరకదు.

మన అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకో నీటి మీటరు ఉండే అలవాటు లేదు. కాబట్టి నీళ్లు పోతున్నట్టు చెప్పగలిగేవి మోటారు నడిచే సమయం, కామన్ మీటరు కరెంటు బిల్లు, వేసవిలో ట్యాంకర్ల రసీదులు, ఈ మూడే. ఈ మూడూ ఉండేది కార్యవర్గం దగ్గర. అందుకే లీకు వెతకడాన్ని పైవారికీ కిందివారికీ మధ్య తగవుగా వదిలేయకుండా కార్యవర్గాలు తమ పనిగా తీసుకోవాలని కోరుతున్నాను. వెతికే ఖర్చును సంఘం నిధి నుంచి పెట్టి, కారణం తేలాక మరమ్మతు ఖర్చును మాత్రమే ఎవరి పైపుదైతే వారికి వేసే పద్ధతిని మేము ఈ మధ్యనే సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. ముందే తీర్మానించి ఉంటే ఆ బాత్రూము రెండు రంగులయ్యేది కాదు. వాల్వు కట్టి కనీసం మూడు రాత్రులు చూడకుండా ఏ ఇంట్లోనూ టైలు పగలగొట్టకూడదన్నది ఆ తీర్మానంలో రెండో వాక్యం.

ఇళ్లలో ఉండేవారికి చెప్పవలసినవీ కొన్ని ఉన్నాయి. బాత్రూము తెల్లగా మెరవాలని వారం వారం యాసిడ్ పోసి కడగడం మన ఇళ్లలో పెద్ద పనితనం కింద లెక్క. ఆ యాసిడ్ మురికితో పాటు టైల్సు మధ్యనున్న సిమెంటునూ తినేస్తుంది. ఆ సందుల్లోంచి దిగిన నీరు సంకెన్ స్లాబులో చేరి, ఏళ్ల తరబడి ఊరి, స్లాబు ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది కాబట్టి కింది సిమెంటును నెట్టేసి పెచ్చులు రాలుస్తుంది. పెచ్చులు రాలిన చోట పైపైన సిమెంటు పూసి రంగు వేయించడం జబ్బును దాచిపెట్టడమే. గోడకు డ్రిల్లింగు చేసే ముందు కుళాయికి నిట్టనిలువు గీతలోనూ అడ్డగీతలోనూ చిల్లు పెట్టవద్దని ప్రతి ఇంటికీ చెప్పండి. పైపులు సాధారణంగా ఆ గీతల్లోనే పోతాయి.

బిల్డర్లతో మాట్లాడే చోట కూడా కార్యవర్గాలు కొంచెం గట్టిగా ఉండాలి. కొత్త భవనంలో గోడలు పూయకముందే సరఫరా లైన్లకు వాడకపు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి గేజీ నిలుస్తుందో లేదో చూడడం, బాత్రూముల్లో వాటర్ ప్రూఫింగ్ అయ్యాక టైల్సు వేయకముందే నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌ను మూసి 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చూడడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన పరీక్షలే. చేస్తున్నారా లేదా అన్నది కొనేవాళ్లు అడిగితేనే తేలుతుంది. 10 మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటే కింది కుళాయి దగ్గర చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది; సరిగా ఆరకుండా అతికించిన సొల్యూషన్ జాయింటు, అతిగా బిగించి చిట్లిన ఇత్తడి మర కింది అంతస్తుల్లోనే ముందు బయటపడేది అందుకే. పూత వేయకముందు ప్రతి గోడనూ ఫోటో తీసి పెట్టుకుంటే చాలు, పదేళ్ల తరువాత ఆ ఒక్క ఫోటో ఒక గోడను కాపాడుతుంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం 14వ సెక్షను ప్రకారం, ఇల్లు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి దాన్ని ప్రమోటరు (బిల్డరు) దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొమ్మేమీ తీసుకోకుండా సరిచేసి ఇవ్వాలి. అవసరమైన పత్రాలనూ ప్లాన్లనూ సంఘానికి అప్పగించాలని అదే చట్టం 17వ సెక్షను చెబుతున్నది. స్థలం 500 చదరపు మీటర్లు మించని చిన్న కట్టడాలకు, 8 ఫ్లాట్లు దాటని వాటికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ అవసరం లేదు కాబట్టి, మీ భవనం సంగతి ముందు చూసుకోండి. ఏ భవనమైనా సరే, ఫిర్యాదును నోటిమాటగా కాక తేదీ వేసి కాగితం మీద ఇవ్వడం మంచిది.

ప్లంబర్ల గురించి ఒక్క మాట. మా స్క్రూను పట్టుకున్న కుర్రాడు గోడ మీద చెయ్యి వెయ్యకముందు అరగంట సేపు మమ్మల్ని ప్రశ్నలు అడిగాడు. అడగకుండా సుత్తి తీసేవారి కన్నా అడిగేవారికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి నేను కోశాధికారిగా ఇప్పుడు వెనుకాడను.

పైపులు బాగయ్యాక, మున్సిపల్ నీళ్లు రాని రోజు చూసి, మోటారు ఆపి, మా సంపులో కూడా కర్ర దించి గుర్తు పెట్టాం. మా సంపు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. తెల్లవారేసరికి ఒక సెంటీమీటరు దిగింది, అంటే 120 లీటర్లు. సంపు గోడల్లో ఒకదానికి అవతల పక్క భవనం వారి సెప్టిక్ ట్యాంకు ఉంది. నీళ్లు బయటికి పోయే బీటలోంచి, సంపు ఖాళీగా ఉన్న రోజున, అటువైపు నీళ్లు లోపలికి వస్తాయి. అందుకని వచ్చే ఆదివారం సంపు ఖాళీ చేయించి లోపలి గోడ చూపిస్తున్నాం, అప్పటిదాకా తాగడానికీ వంటకూ ఆ నీళ్లు వాడవద్దని నోటీసు బోర్డు మీద రాశాం. మీ సంపుకు ఏ గోడ పక్కన ఏముందో ఒకసారి చూసుకోండి.

ఇట్లు,
లాయరుపేటలోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం కోశాధికారి,
ఒంగోలు, ప్రకాశం జిల్లా